గోదాం గుమ్మంలో దీపం

మా ఇంట్లో ఆజ్ఞలు నేరుగా వెళ్ళవు. మా ఆయనకి టీ కావాలంటే నన్ను అడగడు. మనవరాలి వైపు తిరిగి, "మీ మామ్మ ఇయాల టీ పెడతాదో లేదో కనుక్కోవే" అంటాడు. నేను ఆ పక్కనే, చేతికందే దూరంలో వంకాయలు తరుగుతూ ఉంటాను. నేనూ తక్కువ తినలేదు. "పాలు తెచ్చినోళ్ళకి టీ ఉంటాదని మీ తాతకి చెప్పు" అంటాను. అత్తగారి ఎదుట మొగుడితో మాట్లాడకూడదని కొత్త కోడలిగా ఉన్నప్పుడు మొదలైన పద్ధతి ఇది. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. పద్ధతి మాత్రం ఎటూ పోలేదు. మధ్యవర్తులు మారుతూ వచ్చారంతే. ముందు ఆడపడుచు, తర్వాత కొడుకు, ఇప్పుడు మనవరాలు.

అలాంటి కొంపలో పుట్టి పెరిగిన మనవరాలు, చెప్పిన మాట నేరుగా విని చేసే యంత్రాన్ని తయారుచేస్తానని బయలుదేరింది.

మేం ఉండేది కలకత్తా పక్కన బడ్జ్ బడ్జ్‌లో. మా ఆయన ఇక్కడి జూట్ మిల్లు గోదాంలోనే పని చేసి రిటైరయ్యాడు. కొడుకూ కోడలూ హౌరా అవతల లిలువాలో రైల్వే క్వార్టర్లో ఉంటారు. పిల్ల కాలేజీ మా రైలు లైన్లోనే ఉందని దాన్ని మా దగ్గర పెట్టారు. అది చదివేది కంప్యూటర్లు. తెలుగు గలగలా మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, గుమ్మం దాటాలా వద్దా అని ఆలోచించే కొత్త పెళ్ళికూతురిలా నిలబడుతుంది. మా ఆయన బస్సు మీద బెంగాలీ చదువుతాడు, రైల్లో హిందీ చదువుతాడు, తెలుగు చూపిస్తే కళ్ళజోడు మర్చిపోయానంటాడు. ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నేనొక్కదాన్నే.

ఆ రావడం కూడా తల నెరిశాకే. ఇక్కడికి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు గారి భార్య, మా మిల్లు కూలీల లైన్ల ఇళ్ళలో ఆడవాళ్ళని ఆదివారం పూట కూర్చోబెట్టి అక్షరాలు నేర్పేవారు. "ఈ అక్షరం ఎక్కడ వాడతారమ్మగారూ?" అని ఓసారి అడిగాను. "ఎక్కడా వాడరు" అన్నారు. "మరెందుకు నేర్చుకోడం?" అంటే ఆవిడ నవ్వి, "ఉంది కాబట్టి" అన్నారు. పెళ్ళినాటి వెండిగిన్నె లాంటిదన్నమాట, వాడకపోయినా ఇంట్లో ఉండాలి. అలా వాడేవీ వాడనివీ అన్నీ నేర్చుకున్నాను. వాళ్ళాయనకి మళ్ళీ బదిలీ అయి ఆవిడ వెళ్ళిపోయేనాటికి, ఫోన్లో తెలుగు కొట్టడం కూడా వచ్చేసింది నాకు. ఒక వేలితోనే అనుకోండి.

మనవరాలి కాలేజీలో చివరి ఏడాది ఏదైనా ఒకటి సొంతంగా తయారుచేసి చూపించాలట. ఇది ఒక ఆట చేస్తానంది. బొమ్మలుండవు. తెర మీద నువ్వు ఫలానా గదిలో ఉన్నావని రాసి ఉంటుంది. ఏం చెయ్యాలో మనం అక్షరాల్లో కొట్టాలి. అది అర్థం చేసుకుని, చేశానో లేదో చెబుతుంది. అలా గది తర్వాత గది దాటుకుంటూ చివరికి చేరాలి. దాని సార్ ఏమన్నాడంటే, ఇంగ్లీషులో అందరూ చేస్తారు, నీ ఇంట్లో మాట్లాడే భాష అర్థమయ్యేలా చెయ్యి, అన్నాడు. పరీక్ష నాడు, తయారు చేసినవాళ్ళు కాకుండా వేరే మనిషి కూర్చుని, సార్ల ఎదుట ఆట చివరిదాకా వెళ్ళాలి. చేసినవాళ్ళు నోరు విప్పకూడదు. ఆ మనిషి మధ్యలో ఆగిపోతే, వచ్చే ఏడాది వెనకబ్యాచి పిల్లలతో కూర్చుని మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి.

"ఎవర్ని కూర్చోబెడతావే?" అన్నాను.

"నిన్నే."

"ఓలమ్మో! నేనేటి, కాలేజీ ఏటి?"

"ఈ చుట్టుపక్కల తెలుగు అక్షరాలు తెలిసినోళ్ళు ఇంకెవరున్నారు మామ్మా?"

అదీ నిజమే. జీవితంలో మొదటిసారి నా చదువుతో ఒకరికి అవసరం పడింది. అది కూడా, నేను తప్పితే ఆ పిల్లకి ఏడాది పోయే అవసరం.

ఆ ఆటని అది రాసే భాష పేరు ప్రోలాగ్. మామూలు భాషల్లో అయితే కంప్యూటరుకి ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అని వరసగా చెప్పాలట. ఇందులో అలా కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకోవడమే. దీపం వంటింట్లో ఉంది. వంటింటి పక్కన వసారా ఉంది. వసారా చివర మెట్లున్నాయి. ఇలా చెప్పేసి, తర్వాత ఒక ప్రశ్న అడిగితే, అదే వెతుక్కుని అవునో కాదో చెబుతుంది.

"మనం చెప్పనిది ఏదైనా అడిగితే?"

"కాదంటుంది. దానికి చెప్పిందే నిజం మామ్మా. చెప్పనిది లేనట్టే."

"మీ తాత తల్లి కూడా అంతేనే. ఆవిడ చూడకుండా నేను తోమిన గిన్నెలు తోమినట్టే కాదు."

మంచం మీంచి మా ఆయన దగ్గి, "మా అమ్మ జోలికి ఎందుకెల్తందో అడుగు" అన్నాడు.

ఇక నేను మొదటిసారి ఆ ఆట ముందు కూర్చున్నరోజు సంగతి. "అమ్మా, కాస్త ఆ దీపం ఇలా తియ్యమ్మా" అని జాగ్రత్తగా, ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. తెర మీద "అర్థం కాలేదు" అని వచ్చింది.

"మర్యాదగా అడిగితే అర్థం కాదేటి దీనికి?"

"మామ్మా, ఆ వాక్యాన్ని అది ముక్కలు ముక్కలు చేసుకుంటుంది. ఒక్కో ముక్కా తనకి తెలిసిన మాటేనా అని చూసుకుంటుంది. వస్తువు ఒకటుండాలి, పని ఒకటుండాలి. దీపం, తియ్యి. అంతే. ఒక్క మాట మిగిలిపోయినా మొత్తం కాదనేస్తుంది. నువ్వు కొట్టిందాంట్లో మిగతాదంతా చెత్త."

"ఆ చెత్తతోనే మీ తాతతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను."

పాపం, పిల్ల ఆలోచనలో పడింది. ఊళ్ళో మామ్మలందరూ ఇలాగే మాట్లాడతారు కదా అని, కొత్త నియమం ఒకటి రాసింది. కాస్త, కొంచెం, అమ్మా, బాబూ, ఇలా, అలా, ఇక్కడ, అక్కడ, ఇలాంటివి కనిపిస్తే వినిపించుకోకుండా దాటెయ్యమని. చిటపటమని కొడుతుంటే మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఆ నియమమేదో నాకూ ఒకటి రాసియ్యే. మీ మామ్మ మాటలు దాటుకుంటూ పోతాను."

"నీకు పుట్టుకతోనే ఉంది కదా తాతా" అంది పిల్ల. నేను దాన్ని మెచ్చుకుని రెండు బిస్కట్లిచ్చాను.

మొదట్లో అది ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నట్టే, పని ముందు, వస్తువు తర్వాత రాసి పెట్టింది. తియ్యి దీపం, ఎక్కు మెట్లు. కుళాయి దగ్గర కొట్లాటలో తప్ప ఇలా ఎవరూ మాట్లాడరని చెబితే, ఆ రెండింటినీ అటూ ఇటూ మార్చేసింది. ఒక్క నియమం తిప్పితే ఆటలో ఇల్లంతా తిన్నగా మాట్లాడటం మొదలుపెట్టింది. మనుషులకి అలాంటి సదుపాయం లేదు.

ఆ యంత్రం వెతికే పద్ధతి మాత్రం నాకు భలే నచ్చింది. ఒక దారిలో వెళ్తుందట. అది కాదని తేలితే మళ్ళీ వెనక్కి వచ్చి, దారులు చీలిన చోట నిలబడి, ఇంకో దారి పట్టుకుంటుందట. అన్ని దారులూ అయిపోతేనే కాదంటుంది. ఓసారి మా ఆయన, నా జాకెట్లు కుట్టే దర్జీ కోసం మెటియాబ్రుజ్ సందుల్లో అచ్చం ఇలాగే తిరిగాడు. ఒక సందులోకి దూరడం, గోడ తగిలితే మూల మీద టీ కొట్టు దగ్గరికి రావడం, మళ్ళీ ఇంకో సందు. తేడా ఏమిటంటే, కంప్యూటరు టీ కొట్టు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ టీ తాగదు.

ఒక గొడవ మాత్రం గట్టిగానే జరిగింది. ఆటలో వంటింట్లో బియ్యం డబ్బా ఉంది. దాన్ని తెరిస్తే అడుగున తాళంచెవి ఉంటుంది. నేను డబ్బా తెరిచాను. "డబ్బాలో బియ్యం లేవు. తాళంచెవి ఉంది" అని వచ్చింది.

"ఒసే గుంటా! బియ్యం లేవని రాస్తావేటే? ఇంట్లో ఆ మాట అంటారా?"

"మరి లేవు కదా మామ్మా?"

"లేకపోతే నిండుకున్నాయి అనాలి."

"నిండుకున్నాయంటే నిండా ఉన్నట్టు కదా?"

"అందుకే అనాలి."

పిల్ల సరేనని మార్చింది. కాలేజీలో దానికి నేర్పింది తర్కం. అందులో ఉన్నది ఉంది, లేనిది లేదు. మా వంటింటి తర్కం వేరు. లేనిదాన్ని లేదంటే అది విని నిజంగానే రాకుండా పోతుంది. పొద్దు వాలాక దీపం వెలిగించకుండా ఇంట్లో తిరగకూడదని కూడా చెప్పాను. దాంతో, చీకటి పడ్డాక చేతిలో వెలిగే దీపం లేకుండా మెట్లెక్కనివ్వకు అని ఇంకో నియమం చేరింది.

చివరి గది ఒక్కటి మాత్రం నాకు చూపించలేదు. పరీక్షకి కూర్చునే మనిషి అక్కడైనా కొత్తగా ఉండాలట. నేను బజారుకి వెళ్ళిన సమయం చూసి, తాతా మనవరాలూ కలిసి ఆ గది తయారుచేశారు. నేను వచ్చేసరికి ఇద్దరూ నవ్వు ఆపుకుంటున్నారు. మా ఆయన ముఖం చూస్తే, బోనస్ ముట్టినరోజు ముఖంలా ఉంది.

"పరీక్ష రోజు తెలుస్తాదిలెమ్మని మీ మామ్మకి చెప్పు."

పరీక్ష రోజు పొద్దున ఆయనకి దగ్గు ఎక్కువగా ఉంది. జనపనార దుమ్ము మిల్లులోంచి బయటికి వచ్చినా మనుషుల్లోంచి అంత తొందరగా రాదు. మిరియాల కషాయం గ్లాసులో పోసి పెట్టి, "పడుకుని ఉండమని మీ తాతకి చెప్పు" అని పిల్లతో చెప్పి, లోకల్ పట్టుకున్నాం. దారంతా అది గోళ్ళు కొరుక్కుంటూనే ఉంది. దాని చేతిలో ఒక జామకాయ పెట్టి, కొరికితే దీన్ని కొరుకు అన్నాను.

కాలేజీ గది చల్లగా ఉంది. నాకు చక్రాల కుర్చీ వేశారు. కూర్చోగానే అది నన్ను అడక్కుండా వెనక్కి వెళ్ళింది. సారూ మేడమూ ఇద్దరూ బెంగాలీవాళ్ళే, నన్ను మాషీమా, అంటే పిన్నిగారూ, అని పిలిచారు. వాళ్ళకి తెలుగు రాదు. అందుకని నేను కొట్టిన ప్రతి మాట కిందా, యంత్రం ఏమని అర్థం చేసుకుందో ఇంగ్లీషులో కనిపించేలా పెట్టింది మా పిల్ల. అది వెనక గోడకి ఆనుకుని, పెదాలు బిగించి నిలబడింది.

మొదలుపెట్టాను. డబ్బా తెరిచాను. బియ్యం నిండుకున్నాయి. తాళంచెవి తీశాను. చీకటి పడింది. దీపం తీసి వెలిగించాను. మధ్యలో ఓసారి "కాస్త" అని కూడా అన్నాను, అది మర్యాదగా దాటేసింది. తాళంచెవితో వసారా తలుపు తీసి మెట్లెక్కాను. పైన ఒక పెద్ద తలుపు. తెర మీద ఇలా వచ్చింది: "ఇది జనపనార గోదాం. వెలిగే దీపం పట్టుకుని లోపలికి రాకూడదు. చెప్తే వినబడదేటి?"

చివరి ముక్క చదవగానే ఆ గది కట్టిందెవరో తెలిసిపోయింది. గోదాం తలుపు దగ్గర బీడీ కాల్చేవాళ్ళని మా ఆయన అదిలించే మాట అది.

సరే, దీపం కొండెక్కాలి. "దీపం కొండెక్కించు" అని కొట్టాను.

అర్థం కాలేదు.

"దీపం ఘనం చెయ్యి."

అర్థం కాలేదు.

దానికి ఏ మాట తెలుసో నాకు అప్పుడు అర్థమైంది. తాత మిల్లు మాట చెప్పి ఉంటాడు, మనవరాలు రాసి ఉంటుంది. బీడీ చేతిలో ఉన్నవాడితోనూ, కరెంటు లైటు స్విచ్చు దగ్గరా అందరూ అనే మాటే. కానీ దీపాన్ని పట్టుకుని ఆ మాట నేను ఏనాడూ అనలేదు. మా అమ్మ అనలేదు. ఇది నిజం దీపం కాదు కదా, గాజుపలక మీద రెండక్షరాలు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. వేలు ఆ అక్షరం దాకా వెళ్ళింది కూడా. అక్కడ ఆగిపోయింది. దానికి చెప్పిందే నిజం అంది పిల్ల. నేను ఆ మాట చెప్పానంటే, దాని లోకంలో అది జరిగిపోయినట్టే. ఇంటి దగ్గర ఆయన దగ్గుతున్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. పిల్ల తన చెప్పులు చూసుకుంటోంది. నోరు విప్పకూడదు కదా. దాని ముఖంలో వచ్చే ఏడాది మొత్తం కనిపిస్తోంది. మేడం మెల్లిగా, "తొందరేం లేదు మాషీమా" అంది బెంగాలీలో. తొందర లేదంటేనే నాకు చెమట పట్టింది.

చేతిలో దీపం పట్టుకుని ఎంతసేపని నిలబడతాం? ఇంట్లో అయినా అంతే, ఏం చెయ్యాలో తోచనప్పుడు చేతిలో ఉన్నది ముందు కింద పెడతాం. "కాస్త దీపం ఇక్కడ పెట్టు" అని కొట్టాను. "సరే. దీపం గుమ్మం దగ్గర పెట్టారు. వెలుగుతోంది" అంది. చేతులు ఖాళీ అయ్యాయి. ఖాళీ చేతులతో తలుపు ముందు నిలబడ్డ మనిషి ఏం చేస్తుంది? తలుపు తోసి చూస్తుంది.

"తలుపు తెరువు."

తెర ఒక్క క్షణం ఊరుకుంది. ఏ సందులోకి వెళ్ళి వచ్చిందో మరి.

"సరే. తలుపు తెరుచుకుంది. జనపనార మూటల మీద మీ ఆయన నిద్రపోతున్నాడు. ఆట అయిపోయింది."

నేను ఆ అక్షరాలు రెండుసార్లు చదువుకున్నాను. ఇన్నేళ్ళూ డ్యూటీ డ్యూటీ అని సద్దిగిన్నె పట్టుకుని వెళ్ళింది ఇందుకన్నమాట! వెనక నుంచి పిల్ల వచ్చి నా మెడ వాటేసుకుంది. కుర్చీ చక్రాలు ఇద్దర్నీ గోడ దాకా తీసుకెళ్ళాయి.

సార్ దాన్ని అడిగాడు, నువ్వు అనుకున్న దారి ఇదేనా అని. కాదు సార్, దీపం కొండెక్కించి వెళ్తారనుకున్నాను, అంది. వెలిగే దీపం చేతిలో ఉంటే రానివ్వకు అని మాత్రమే రాశాను, కింద పెడితే ఏమవుతుందో నేను ఆలోచించలేదు, అంది. చేతిలో లేదు కాబట్టి యంత్రానికి అడ్డు చెప్పడానికి ఏమీ దొరకలేదు. మరి మాషీమా దీపం ఎందుకు కొండెక్కించలేదని నన్ను అడిగారు. చెప్పాను. నిండుకున్న బియ్యం సంగతీ కలిపి చెప్పేసరికి మేడం పకపకా నవ్వింది. "మా ఇంట్లో బియ్యం అయిపోతే మా అమ్మ పెరుగుతున్నాయి అంటుంది, బాడొంతో అని" అంది. అయితే ఆవిడకీ తర్కం రాదన్నమాట, కంప్యూటర్లు చెబుతుంది గానీ.

పాసు చేశారు. కొన్ని మార్కులు కోశారు కూడా. జనపనార గోదాం గుమ్మంలో వెలిగే దీపం వదిలేసి వెళ్ళనిచ్చే ఆటకి నిండుగా మార్కులు ఎలా వేస్తానన్నాడు సార్. న్యాయమే.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన మంచం మీద కూర్చుని గుమ్మం వైపే చూస్తున్నాడు. కషాయం గ్లాసు ఖాళీగా ఉంది.

"ఏటయిందో అడుగు" అన్నాడు, ఎవర్ని అడగమంటున్నాడో చూసుకోకుండా.

పిల్ల అంతా చెప్పింది. ఆయన పాసయిన సంగతి విని తల ఊపాడు. దీపం సంగతి విని మాత్రం లేచి నిలబడ్డాడు.

"గుమ్మంలో వదిలేసిందా? వెలుగుతుండగా? ఓలమ్మో! మిల్లు కాలిపోద్దే! కాపలాకి దర్వాన్‌ని పెట్టు అక్కడ. ఇయాలే పెట్టు."

"లోపల నిద్రపోయేవోడు ముందు లేస్తే, దర్వాన్ ఎందుకని అడుగు" అన్నాను.

ఆయన కిటికీలోంచి రైల్వే గేటు వైపు చూశాడు.

ఆ సాయంత్రమే పిల్ల ఆటలో కొండెక్కించు అనే మాట చేర్చింది. తాత చెప్పిన మాట తీసేద్దామా అని అడిగింది. ఉండనివ్వమన్నాను, మిల్లు వాళ్ళు ఎవరైనా ఆడుకుంటారేమో. గుమ్మంలో దర్వాన్‌ని కూడా పెట్టింది. ఆ దర్వాన్ ఏం మాట్లాడాలో తాతే పక్కన కూర్చుని చెప్పాడు, దాదాపు అన్నీ తిట్లే.

నేను అలమారు గూట్లో దీపం వెలిగించి వచ్చేసరికి, మా ఆయన ఆ ఆట వైపూ నా వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఏదో నేర్చుకున్నవాడిలా గొంతు సవరించుకున్నాడు. పిల్ల వైపు తిరగలేదు. తిన్నగా నన్నే చూసి అన్నాడు:

"టీ పెట్టు."

వస్తువు ముందు, పని తర్వాత. నియమం ప్రకారమే ఉంది. ఇన్నేళ్ళలో ఆయన నాకు నేరుగా చెప్పిన మొదటి మాట అదేనేమో.

"అర్థం కాలేదు" అన్నాను.

ఆయన మనవరాలి వైపు తిరిగాడు.

"మీ మామ్మకి ఏ మాటంటే అర్థమవుతాదో కాస్త కనుక్కోవే."

నేను గిన్నె పొయ్యి మీద పెట్టాను.